నేవల్ ఎన్‌సీసీలో చేరడం ఎలా, చేరాక ఆ మూడేళ్ళు వాడుకోవడం ఎలా

ఏటా అడ్మిషన్ల సీజన్ మొదలవ్వగానే మా పిన్ని వాళ్ళబ్బాయి దగ్గర్నుంచి పక్క వీధి పిల్లల దాకా అందరూ అడిగేది ఒకటే, అన్నా నేవీ ఎన్‌సీసీలో ఎలా చేరాలి, చేరితే ఏమొస్తుంది, చదువు పాడవుతుందా అని. ఫోన్లో ఒక్కొక్కరికీ అరగంట చెప్పినా సగం మర్చిపోతారు కాబట్టి మొత్తం ఇక్కడ రాసేస్తున్నా. నేను కాకినాడలో డిగ్రీ చేసేటప్పుడు మూడేళ్ళు నేవల్ వింగ్ క్యాడెట్‌ని, సి సర్టిఫికెట్ దాకా చేశాను, నేవీలోకి వెళ్ళలేదు గానీ ఇవాళ పదిమందితో కలిసి పని చేయించగలుగుతున్నానంటే దానికి పునాది ఆ పడవలోనే పడింది. అందుకే ఎవరైనా అడిగితే వదలకుండా చెప్తాను.

ముందు ఇదేంటో రెండు ముక్కల్లో. ఎన్‌సీసీ అంటే నేషనల్ క్యాడెట్ కోర్, చదువుకుంటూనే సైనిక శిక్షణ ఇచ్చే సంస్థ, 1948లో పార్లమెంటు చట్టంతో మొదలైంది, అప్పుడు ఆర్మీ వింగే, 1950లో ఎయిర్ వింగ్, 1952లో నేవల్ వింగ్ వచ్చాయి. స్కూల్ పిల్లలకి జూనియర్ డివిజన్, అమ్మాయిలైతే జూనియర్ వింగ్ అంటారు, మామూలుగా ఎనిమిదో తరగతిలో తీసుకుంటారు, రెండేళ్ళు ఉంటుంది, చివర్లో ఎ సర్టిఫికెట్. కాలేజీ వాళ్ళకి సీనియర్ డివిజన్, సీనియర్ వింగ్, ఇది మూడేళ్ళు, రెండో ఏడు బి, మూడో ఏడు సి. మన రెండు తెలుగు రాష్ట్రాలకీ కలిపి ఒకటే డైరెక్టరేట్, సికింద్రాబాద్‌లో ఉంటుంది. 2020 ఆగస్టు 15న సరిహద్దు, తీరప్రాంత జిల్లాల్లో, మొత్తం 173 జిల్లాల్లో ఎన్‌సీసీని పెంచుతామని, కొత్తగా లక్ష మందిని తీసుకుంటామని, అందులో మూడో వంతు అమ్మాయిలేనని ప్రకటించారు. తీరం పొడవునా ఉన్న మనకి అది పనికొచ్చే మాటే.

కాలేజీలో చేరకముందే ఇది అడగండి

చాలామంది చేసే తప్పు, కాలేజీలో ఫీజు కట్టేసి నెల తర్వాత ఇక్కడ నేవల్ ఎన్‌సీసీ ఉందా అని అడగడం. అన్ని కాలేజీల్లో ఎన్‌సీసీ ఉండదు, ఉన్నచోట ఎక్కువగా ఆర్మీ వింగే ఉంటుంది, నేవల్ వింగ్ వైజాగ్, కాకినాడ లాంటి ఊళ్ళలో కొన్ని కాలేజీలకే ఇచ్చారు. మీ కాలేజీకి సీట్లు కేటాయించి ఉంటేనే మీరు చేరగలరు, పక్క కాలేజీకి వెళ్ళి చేరతానంటే మామూలుగా కుదరదు. అందుకని రెండు మూడు కాలేజీలు చూసుకుంటున్నప్పుడే అడ్మిషన్ కౌంటర్లో కాకుండా నేరుగా ఏఎన్‌వో ఎవరో కనుక్కుని ఆయన్నో ఆవిడనో కలవండి. ఏఎన్‌వో అంటే ఎన్‌సీసీ చూసుకునే లెక్చరర్, ట్రైనింగ్ తీసుకుని ర్యాంకు ఉన్నవాళ్ళు. ఈ ఏడాది ఎన్ని ఖాళీలు, సెలెక్షన్ ఎప్పుడు, బోట్ ప్రాక్టీస్ ఎక్కడ, ఈ మూడూ అడిగితే చాలు. మూడో ప్రశ్నకి గబగబా జవాబు చెప్పి ఫలానా జెట్టీ అని చూపించారంటే అక్కడ పని నిజంగా జరుగుతోందని అర్థం.

ఇంటర్లో చేరే వాళ్ళు ఇంకోటి చూసుకోవాలి, ఇంటర్ రెండేళ్ళే కాబట్టి బి దగ్గర ఆగిపోతుంది, సి కావాలంటే మూడో ఏడు డిగ్రీలోనో ఇంజినీరింగ్‌లోనో కంటిన్యూ చేయాలి, కాబట్టి ఆ కాలేజీలో కూడా నేవల్ వింగ్ ఉందో లేదో ముందే ఆలోచించి పెట్టుకోండి. నేవల్ దొరక్కపోతే ఆర్మీ వింగ్‌లో చేరండి, ఖాళీగా ఉండటం కంటే అది వందరెట్లు నయం.

ఇంట్లో ఒప్పించడం

నిజానికి సెలెక్షన్ కంటే ఇదే కష్టం. మా అమ్మ మొదట అడిగింది, ఇందులో చేరితే యుద్ధానికి తీసుకెళ్ళిపోతారా అని. లేదు, ఎన్‌సీసీ క్యాడెట్‌కి సైన్యంలో పనిచేసి తీరాలన్న బాండ్ ఏమీ లేదు, ఇష్టమైతే వెళ్తారు లేకపోతే లేదు, ఈ మాట అమ్మానాన్నలకి మొదటే స్పష్టంగా చెప్పండి. రెండో భయం నీళ్ళు. బోట్ ఎక్కే ప్రతిసారీ లైఫ్ జాకెట్ వేస్తారు, ఇన్‌స్ట్రక్టర్ ఉంటారు, వాతావరణం బాగోకపోతే బోట్ దించరు. అమ్మాయిల ఇళ్ళల్లో మూడో భయం క్యాంపులు, పది రోజులు బయట ఎలా ఉంటారు అని. అమ్మాయిలకి బస విడిగా ఉంటుంది, లేడీ ఆఫీసర్లో గర్ల్ క్యాడెట్ ఇన్‌స్ట్రక్టర్లో వెంట ఉంటారు, కావాలంటే అమ్మనో నాన్ననో ఒకసారి తీసుకెళ్ళి ఏఎన్‌వోతో మాట్లాడించండి, మొహం చూసి మాట్లాడాక సగం దిగులు పోతుంది.

ఇంకా సందేహపడితే తారిణి కథ చెప్పండి. 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి నేవీ అమ్మాయిలు ఆరుగురు ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే 55 అడుగుల తెరచాప పడవలో బయల్దేరి ప్రపంచం మొత్తం చుట్టి 2018 మే 21న మళ్ళీ గోవా చేరారు, 254 రోజులు. ఆ ఆరుగురిలో స్వాతి మన వైజాగ్ అమ్మాయి, ఐశ్వర్య బొడ్డపాటి హైదరాబాద్ అమ్మాయి. మా చెల్లిని పంపడానికి మా బాబాయ్ ఒప్పుకున్నది ఈ కథ విన్నాకే.

సెలెక్షన్ రోజు

యూనిట్‌ని బట్టి కొంచెం మారుతుంది గానీ సాధారణంగా పరుగు, పుషప్స్ లాంటివి, ఎత్తు బరువు చూడటం, చిన్న రాత పరీక్ష, ఇంటర్వ్యూ. నెల ముందు నుంచి రోజూ పొద్దున్నే పరిగెత్తండి, మొదటి వారం ఆయాసం వస్తుంది, మూడో వారానికి అలవాటైపోతుంది, అంతకుమించి రహస్యం ఏమీ లేదు. ఆధార్, టెన్త్ మెమో, కాలేజీ ఐడీ, ఫొటోలు, మెడికల్ సర్టిఫికెట్, మీ పేరు మీదే బ్యాంక్ అకౌంట్ రెడీగా పెట్టుకోండి, ఇప్పుడు యూనిఫాం అలవెన్స్ అకౌంట్‌లోకే వస్తుంది, రిజిస్ట్రేషన్ కూడా ఆన్‌లైన్లోనే చేయిస్తున్నారు.

ఇంటర్వ్యూలో ఎందుకు చేరాలనుకుంటున్నావ్ అని అడిగితే దేశసేవ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోకండి, పదిమందిలో తొమ్మిదిమంది అదే చెప్తారు. మీకు నిజంగా ఎందుకు కావాలో అది చెప్పండి. నా పక్కన నిలబడ్డ కుర్రాడు, మా నాన్న మరబోటు మీద వేటకెళ్తాడు సార్, నేను సముద్రం గురించి పుస్తకంలో కూడా నేర్చుకోవాలని వచ్చా అన్నాడు, ఇన్‌స్ట్రక్టర్ పెన్ను పక్కనపెట్టి వాడితో పది నిమిషాలు మాట్లాడారు. వైజాగ్ వైపు వాళ్ళైతే ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఒకసారి తీరిగ్గా చూసి వెళ్ళండి, 2002 నుంచి మ్యూజియంగా ఉంది, లోపల ఎంత ఇరుకులో ఎంతమంది బతికారో చూస్తే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి సొంత మాట దొరుకుతుంది. డిసెంబర్ 4 నేవీ డే ఎందుకో తెలుసుకుని వెళ్ళండి, 1971 యుద్ధంలో మన నేవీ కరాచీ మీద దాడి చేసిన రోజు అది, అదే సమయంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ వైజాగ్ దగ్గరే మునిగింది. ఇలాంటివి అడుగుతుంటారు.

మొదటి మూడు నెలలు: తెల్ల బట్టలు, హిందీ కమాండ్లు

చేరగానే బోట్ ఎక్కించేస్తారని అనుకోకండి. మొదట గ్రౌండ్, ఎండ, డ్రిల్. కమాండ్లన్నీ హిందీలో, సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్, బాయే ముడ్, పీఛే ముడ్, తేజ్ చల్, థమ్. తెలుగు మీడియం నుంచి వచ్చిన వాళ్ళు మొదటి వారం దాహినే బాయే తికమకపడి ఎదుటివాడి మొహంలో మొహం పెట్టి నిలబడతారు, ఏం సిగ్గుపడక్కర్లేదు, సాయంత్రం ఇంటి డాబా మీద ఇద్దరు ముగ్గురు కలిసి ఒకళ్ళు కమాండ్ ఇచ్చి మిగతావాళ్ళు తిరిగితే పది రోజుల్లో ఒంటికి పట్టేస్తుంది. ఇక్కడే ఇంకో లాభం ఉంది, కమాండ్ ఇచ్చేటప్పుడు గొంతులోంచి కాకుండా పొట్టలోంచి రావాలి, డాబా మీద వంతులవారీగా కమాండ్ ఇచ్చినవాళ్ళకి తర్వాత స్టేజ్ భయం ఉండదు.

యూనిఫాం తెలుపు. తెల్ల బట్టల్ని తెల్లగా ఉంచడమే ఒక శిక్షణ, ఇంట్లో అమ్మతో ఉతికించకండి, మీరే ఉతకండి, నీలిమందు ఎక్కువైతే మచ్చలు పడతాయి కాబట్టి బకెట్ నీళ్ళల్లో ముందే కలిపి తర్వాత బట్ట ముంచండి, ఇస్త్రీ కూడా మీరే నేర్చుకోండి. రేపు క్యాంపులో మీ పని చేసేవాళ్ళు ఎవరూ ఉండరు, అక్కడ యూనిఫాం మడత సరిగ్గా లేకపోతే మీతో పాటు మీ స్క్వాడ్ మొత్తం నిలబడాల్సి వస్తుంది.

అటెండెన్స్ 75 శాతం తప్పనిసరి. ల్యాబ్ ఉందనీ బస్సు మిస్సయిందనీ పెరేడ్‌లు పోగొట్టుకుంటే చివర్లో పరీక్షకి కూర్చోనివ్వరు, అప్పుడు ఏఎన్‌వో చేతుల్లో కూడా ఏమీ ఉండదు. టైంటేబుల్ రాగానే ల్యాబ్, పెరేడ్ ఎక్కడ గుద్దుకుంటున్నాయో చూసుకుని ల్యాబ్ మేడంతో ముందే మాట్లాడి బ్యాచ్ మార్పించుకోండి.

ఈత, ముడులు

నా బ్యాచ్‌లో సగం మందికి ఈత రాదు. కోనసీమ నుంచి వచ్చినవాళ్ళు చిన్నప్పట్నుంచీ కాలవల్లో ఈదినవాళ్ళు, మిగతావాళ్ళకి భయం. మొదటి ఏడాది సెలవుల్లోనే దగ్గర్లో ఉన్న స్విమ్మింగ్ పూల్‌లో కోచ్ దగ్గర నెల రోజులు నేర్చుకోండి, చెరువులో దిగి సొంతంగా మాత్రం వద్దు. స్పీడ్ తర్వాత, ముందు కంగారు లేకుండా నీళ్ళ మీద తేలుతూ ఉండగలగాలి. నీళ్ళల్లో పడ్డవాడు ముందు అలిసిపోయేది కంగారు వల్లే.

ముడులు చాలా ఉంటాయి, రీఫ్ నాట్, క్లోవ్ హిచ్, షీట్ బెండ్, ఫిగర్ ఆఫ్ ఎయిట్, బోలైన్. మొదట బోలైన్ నేర్చుకోండి, అది ఉచ్చు లాంటిదే గానీ ఎంత లాగినా బిగుసుకోదు, పని అయ్యాక విప్పడం తేలిక, మనిషి నడుముకి వేసి పైకి లాగినా ఊపిరి ఆడుతుంది. మా సీనియర్ అక్క నేర్పిన పద్ధతి ఇది. ఎడమచేత్తో మోకు పట్టుకుని చిన్న చుట్టు వేయండి, అది పాము పుట్ట, పైకి పోతున్న తాడు చెట్టు, కుడిచేతిలో కొస పాము. పాము పుట్టలోంచి పైకొచ్చింది, చెట్టు వెనక నుంచి చుట్టి తిరిగింది, మళ్ళీ అదే పుట్టలోకి దిగింది, ఇప్పుడు రెండు వైపులా లాగండి. పదిసార్లు చూస్తూ, ఇరవైసార్లు చూడకుండా, తర్వాత చేతులు వీపు వెనక పెట్టుకుని. రాత్రి పూట, తడిచేతుల్తో, ఊగుతున్న పడవలో వేయాల్సిన ముడి అది, కాబట్టి కళ్ళతో కాదు వేళ్ళతో నేర్చుకోవాలి.

బోట్ పుల్లింగ్: అసలు పాఠం

పుల్లింగ్ అంటే అందరూ కలిసి తెడ్లు వేసి బోట్ నడపడం. ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే నాయకత్వం అనే మాట నాకు అర్థమైంది ఇక్కడే.

మనకిచ్చే బోట్‌ని వేలర్ అంటారు, 27 అడుగుల పొడవు, ఐదుగురు తెడ్లు వేస్తారు, ఒకళ్ళు వెనక చుక్కాని పట్టుకుని కూర్చుంటారు, ఆ ఒక్కర్ని కాక్సన్ అంటారు. తెడ్డు అంటే మన చిన్న నాటుపడవ తెడ్డులా కాదు, మనిషికి రెండింతల పైనే పొడవు ఉంటుంది, దాన్ని ఓర్ అనే పిలుస్తారు. ఐదు ఓర్లలో మూడు ఒక పక్క, రెండు ఇంకో పక్క, అంటే బోట్ తిన్నగా పోవాలంటే రెండున్న పక్క వాళ్ళు, మూడున్న పక్క వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు గమనించుకుంటూ సర్దుకోవాల్సిందే. లాగేవాళ్ళందరూ బోట్ వెనక వైపుకి మొహం పెట్టి కూర్చుంటారు, అంటే వాళ్ళు ఎటు వెళ్తున్నారో వాళ్ళకి కనపడదు, వాళ్ళకి కనపడేది ఎదుటివాడి వీపు, చివరాఖర్న కాక్సన్ మొహం. ముందు ఏముందో చూసేది కాక్సన్ ఒక్కడే.

నా మొదటి రోజు చెప్తా. గివ్ వే టుగెదర్, అంటే అందరూ కలిసి లాగండి అని కమాండ్ పడింది, నేను ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగా, మూడో స్ట్రోక్‌కి నా ఓర్ బ్లేడు నీళ్ళల్లో వంకరగా దిగి ఇరుక్కుపోయింది, దాన్నే క్రాబ్ పట్టడం అంటారు, బోట్ ముందుకి పోతోంది, ఓర్ పిడి వెనక్కొచ్చి నా ఛాతీకి తగిలింది, నా వెనకవాడి ఓర్ నా ఓర్‌కి కొట్టుకుంది, బోట్ పక్కకి తిరిగిపోయింది. ఎవరూ తిట్టలేదు. ఇన్‌స్ట్రక్టర్ ఒక్కటే అన్నారు, నువ్వు బలంగా లాగావ్, కానీ నీ ముందున్నవాడి వీపు చూడలేదు అని.

కాబట్టి ఇలా చేయండి. కాళ్ళు రెండూ ఎదురుగా ఉన్న అడ్డుకర్రకి గట్టిగా తన్నిపెట్టండి, చేతుల్తో లాగకండి, నడుము నిటారుగా పెట్టి ఒళ్ళంతా వెనక్కి వాల్చండి, చేతులు చివర్లో మాత్రం మడవండి. బ్లేడు నీళ్ళల్లో లోతుగా దించక్కర్లేదు, మునిగితే చాలు. పైకొచ్చాక మణికట్టు తిప్పి బ్లేడుని నీళ్ళకి సమంగా పడుకోబెట్టి ముందుకి తెండి, గాలి పట్టదు. చూపు మాత్రం ఎదుటి వీపు మీదే, అతను ఒంగితే ఒంగండి, వాలితే వాలండి. కాక్సన్‌కి ఎదురుగా కూర్చునేవాణ్ణి స్ట్రోక్ అంటారు, అతని లయే అందరి లయ. మొదటి వారం అరచేతుల్లో బొబ్బలు వస్తాయి, పిండకండి, పగిలితే శుభ్రంగా కడిగి ఆరనివ్వండి, రాత్రికి కొబ్బరినూనె రాసుకోండి, మూడో వారానికి చర్మం గట్టిపడుతుంది. గోళ్ళు కత్తిరించుకోండి, ఉంగరాలు, చేతి కడియాలు ఇంట్లో వదిలేయండి.

కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్ అడ్డుండటం వల్ల లోపలి నీళ్ళు కొంచెం నెమ్మదిగా ఉంటాయి, నేర్చుకునేవాళ్ళకి అది అదృష్టం. అయినా పదకొండు దాటాక గాలి లేస్తుంది, అందుకే ప్రాక్టీస్ పొద్దున్నే పెడతారు, లేట్‌గా వస్తే బోట్ మీ కోసం ఆగదు.

మా టీమ్‌లో కాక్సన్‌గా పెట్టింది అందరికంటే బక్కగా ఉండే అమ్మాయిని. మొదట్లో మాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, ఆ అమ్మాయి గొంతు గాలిలో కూడా స్పష్టంగా వినపడుతుంది, అన్నిటికంటే ముఖ్యం మాకు అబద్ధం చెప్పదు. ఇంకా 40 స్ట్రోకులు అంటే నిజంగా 40 ఉండేవి. వేరే టీమ్ కాక్సన్ ఒకడు ఇంకో పదే ఇంకో పదే అని నాలుగుసార్లు అన్నాడు, ఐదోసారి వాళ్ళ వాళ్ళు ఎవరూ లాగలేదు. వెనక్కి తిరిగి కూర్చుని, ముందేముందో కనపడకుండా లాగేవాడికి కాక్సన్ మాట ఒక్కటే కన్ను. ఆ కన్ను మీరు అయితే, ఎంత దూరం ఉందో ఉన్నదున్నట్టు చెప్పండి, ఎవరైనా అలిసిపోతున్నారని మొహంలో కనిపిస్తే వాళ్ళని పేరుతో పిలిచి లయ కొంచెం తగ్గించండి, మిగతా నలుగురూ తెలీకుండానే వాడిని మోసుకుపోతారు. ఛాన్స్ వస్తే అందరూ వంతులవారీగా ఒక్కసారైనా కాక్సన్ సీట్లో కూర్చోండి, తర్వాత ఓర్ దగ్గరికి తిరిగొచ్చినప్పుడు వేరే మనిషిలా లాగుతారు.

సెమాఫోర్, షిప్ మోడలింగ్, సెయిలింగ్

అన్నీ చేయాలని చూడకండి, పుల్లింగ్‌తో పాటు ఒకటి ఎంచుకుని దాన్లో గట్టిపడండి. సెమాఫోర్ అంటే ఎరుపు పసుపు జెండాలు రెండు పట్టుకుని చేతుల కోణాలతో అక్షరాలు చెప్పడం. ఎ నుంచి జి దాకా మొదటి సర్కిల్, ఒక చెయ్యే కదులుతుంది, తర్వాతి సర్కిల్ హెచ్ నుంచి ఎన్ దాకా, కానీ అందులో జె ఉండదు, అది విడిగా వస్తుంది, కొత్తవాళ్ళు తప్పు చేసేది అక్కడే. అద్దం ముందు ప్రాక్టీస్ చేయకండి, కుడి ఎడమలు తారుమారైపోతాయి, ఎదురుగా ఫ్రెండ్‌ని నిలబెట్టండి. చేతిపని ఇష్టమైతే షిప్ మోడలింగ్, ఓపిక కావాలి, డ్రాయింగ్ ప్రకారం స్కేల్ తప్పకుండా చేయాలి. సెయిలింగ్ అయితే తెరచాప, గాలి, చుక్కాని మూడూ అర్థమవ్వాలి, ఎంటర్‌ప్రైజ్ లాంటి చిన్న బోట్లతో మొదలుపెడతారు. హైదరాబాద్ వైపు వాళ్ళు సముద్రం లేదని బాధపడక్కర్లేదు, హుస్సేన్‌సాగర్ దేశంలో పేరున్న సెయిలింగ్ నీళ్ళల్లో ఒకటి.

క్యాంపులు

సీఏటీసీ అని పది రోజుల క్యాంపు, బి కి కనీసం ఒకటి చేయాలి, సి కి దానిమీద ఇంకో క్యాంపు కావాలి, మొదటి ఏడాదే ఒకటి పూర్తి చేసేసుకోండి, చివరి ఏడాది పరీక్షలతో గుద్దుకుంటుంది. బాగా చేసినవాళ్ళని ఆలిండియా నౌ సైనిక్ క్యాంప్ కోసం తీస్తారు, అక్కడ డైరెక్టరేట్ల మధ్య పుల్లింగ్, సెయిలింగ్, సెమాఫోర్, షిప్ మోడలింగ్, డ్రిల్, ఫైరింగ్ పోటీలు. దానికి ముందు సెలెక్షన్ క్యాంపులు వరసగా ఉంటాయి, ఇంట్లో, కాలేజీలో ముందే చెప్పుకోవాలి. షిప్ అటాచ్‌మెంట్, అంటే కొన్నాళ్ళు నేవీ షిప్ మీద ఉండి నేర్చుకోవడం, అలాగే కేరళలోని ఎజిమల నేవల్ అకాడమీ అటాచ్‌మెంట్, ఢిల్లీ రిపబ్లిక్ డే క్యాంప్ ఇవన్నీ ఉన్నాయి. మెనూ అనే సెయిలింగ్ ఎక్స్‌పెడిషన్ కూడా ఉంటుంది, వేలర్లలో రోజుల తరబడి తీరం వెంబడి వెళ్ళడం, అది మాత్రం పేరు అడిగితే వదలకండి.

క్యాంపుకి ప్లేటు, గ్లాసు, తాళం, టార్చ్, సూదీ దారం, రెండు జతల సాక్సులు ఎక్కువ, దోమల మందు. ఫోన్ మీద ఆశ పెట్టుకోకండి.

మిమ్మల్ని ఇన్‌ఛార్జ్‌గా పెట్టినప్పుడు

లీడింగ్ క్యాడెట్, పెటీ ఆఫీసర్ క్యాడెట్, క్యాడెట్ కెప్టెన్, సీనియర్ క్యాడెట్ కెప్టెన్, ఇలా ర్యాంకులు పెరుగుతాయి. ర్యాంకు వచ్చాక చాలామందిలో వచ్చే జబ్బు జూనియర్ల మీద అరవడం. నా సంగతి చెప్తా. రెండో ఏడు క్యాంపులో నన్ను మా బ్యారక్‌కి ఇన్‌ఛార్జ్‌గా పెట్టారు, రాత్రి రోల్ కాల్‌కి అందర్నీ నిలబెట్టా, నిద్రొస్తోంది, వరసలు చూసి సరిగ్గానే ఉన్నాయనిపించి లెక్కపెట్టకుండానే ఆల్ ప్రెజెంట్ సర్ అనేశా. నిజానికి ఒకడు తక్కువ. మొదటి ఏడాది కుర్రాడు, జ్వరమొచ్చి బాత్రూమ్‌ల దగ్గర మెట్ల మీద కూర్చుండిపోయాడు, లేవలేక. గంట తర్వాత సెంట్రీ చూసి మోసుకొచ్చాడు. వాడికేం కాలేదు, కానీ ఆ గంట వాడు ఒక్కడే ఉన్నాడంటే కారణం నా మాట. మర్నాడు పొద్దున్నే ఆఫీసర్ దగ్గరికి వెళ్ళి తప్పు నాదని చెప్పా, పనిష్‌మెంట్ తీసుకున్నా, ఆ కుర్రాడి మంచం దగ్గరికి గంజి తీసుకెళ్ళా. అప్పట్నుంచీ నేను తలలు వేలు పెట్టి లెక్కపెట్టకుండా ఎప్పుడూ పూర్తయింది అని చెప్పలేదు, ఆఫీసులో కూడా.

అందుకే ఇన్‌ఛార్జ్ అయితే ఇవి చేయండి. మీవాళ్ళ పేర్లు మొదటిరోజే నేర్చుకోండి, నంబర్లతో పిలవకండి. భోజనం లైన్లో మీరు చివర నిలబడండి, కూర అయిపోతే అయ్యేది మీకే అవ్వాలి. తప్పు చేసినవాడిని పదిమంది ముందు కాకుండా పక్కకి పిలిచి చెప్పండి, మంచి చేస్తే మాత్రం అందరి ముందూ చెప్పండి. హిందీ రాక వెనకపడుతున్నవాడిని, ఇంటిమీద బెంగతో ఏడుస్తున్నవాడిని చూసీ చూడనట్టు పోకండి, రెండో రోజు రాత్రి చాలామంది ఏడుస్తారు, పక్కన కూర్చుని వాళ్ళ ఊరి గురించి అడగండి చాలు. మీకు తెలియనిది తెలియదని ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పండి. దండించే అధికారం మీకు లేదు, మోకాళ్ళ మీద నడిపించడం, కొట్టడం లాంటివి మీ ముందు ఎవరు చేసినా వెంటనే ఆఫీసర్‌కి చెప్పండి, అది ట్రైనింగ్ కాదు.

సర్టిఫికెట్ దేనికి పనికొస్తుంది

నేవల్ వింగ్ సి ఉంటే, సైన్యంలో ఆఫీసర్ల కోసం యూపీఎస్సీ పెట్టే సీడీఎస్ పరీక్షలో ఎజిమల నేవల్ అకాడమీ సీట్లలో 6 సీట్లు ప్రత్యేకంగా ఉంటున్నాయి, నోటిఫికేషన్‌లోనే రాస్తారు, ప్రతిసారీ అది చదివాకే అప్లై చేయండి. నేవీ షార్ట్ సర్వీస్ ఎంట్రీల్లో షార్ట్‌లిస్ట్ చేసేటప్పుడు కటాఫ్‌లో కొంత సడలింపు ఇస్తున్నారు. ఆర్మీలో ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి రాత పరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీ, అంటే ఆఫీసర్లని ఎంచుకునే ఇంటర్వ్యూ. ఎస్‌ఎస్‌బీ ఐదు రోజులు, అందులో గ్రూప్ టాస్కులు ఉంటాయి, దుంగలూ తాళ్ళూ ఇచ్చి టీమ్ మొత్తాన్ని అడ్డంకి దాటించమంటారు, ముడులు వేలికొసల్లో ఉన్నవాళ్ళకీ, పక్కవాడి మాట వినడం అలవాటైనవాళ్ళకీ అక్కడ తేడా కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త. మర్చంట్ నేవీ, అంటే సరుకు ఓడల్లో ఉద్యోగం, దీనికి సంబంధం లేని దారి, దానికి ఇంటర్ ఎంపీసీ తర్వాత ఐఎంయూ సెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీకి వైజాగ్‌లోనే క్యాంపస్ ఉంది. డెక్ క్యాడెట్‌గా షిప్ ఎక్కిస్తాం, లక్షలు కట్టండి అని ఊళ్ళల్లో తిరిగే ఏజెంట్లని నమ్మకండి, ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు డీజీ షిప్పింగ్ అనుమతి ఉన్న సంస్థ అవునో కాదో చూడకుండా రూపాయి ఇవ్వకండి. మా ఊరి వాళ్ళు ఇద్దరు పొలం తాకట్టు పెట్టి మోసపోయారు.

సర్టిఫికెట్ చేతికి రాగానే పేరు, నాన్నగారి పేరు, పుట్టిన తేదీ టెన్త్ మెమోతో అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఇంటిపేరు ముందా వెనకా అన్నదగ్గర మనవాళ్ళకి ఎప్పుడూ తేడా వస్తుంది, ఎన్‌రోల్‌మెంట్ ఫారంలోనే సరిగ్గా రాస్తే ఆ బాధ ఉండదు.

ఇంకా సెలెక్షన్‌కి నెల టైముంది ఇప్పుడేం చేయమంటావ్ అంటే, సాయంత్రం బజార్‌కెళ్ళి చిటికెన వేలు మందం నైలాన్ తాడు రెండు మీటర్లు కొనుక్కోండి. టీవీ చూస్తూ, బస్సులో కూర్చుని, అదే పాము, అదే పుట్ట, అదే చెట్టు. చూడకుండా బోలైన్ పడ్డ రోజు కామెంట్‌లో చెప్పండి, తర్వాత క్లోవ్ హిచ్ ఎలాగో రాస్తా.